గోంగూర తిని వేసిన మార్కులు

పాతికేళ్లకు పైగా జీతం తీసుకుని మందు ఉమ్మాను. నా ఉద్యోగం గురించి ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు. పెద్ద హోటళ్లకు విదేశీ మద్యం తెప్పించి ఇచ్చే గుర్‌గావ్ కంపెనీ ఒకదానిలో, వచ్చిన ప్రతి సరుకునూ వాసన చూసి, నాలుక మీద తిప్పి, ఉమ్మేసి, మార్కులు వేయడం నా పని. మింగేవాళ్లు ఈ పనిలో నిలవరు. మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్లకు అన్ని గ్లాసులూ మంచివే అవుతాయి.

బందరు వైపు మా చుట్టాలకు ఇది ఎప్పుడూ బోధపడలేదు. పెళ్లిళ్లలో నన్ను చూడగానే, "బావగారు పొద్దున్నే తాగితే జీతమిస్తారంట. మనం తాగితే ఇంట్లో అన్నం కూడా పెట్టరు" అనేవారు. మయూర్ విహార్‌లో మా ఇరుగుపొరుగు అడిగితే మా ఆవిడ "క్వాలిటీ కంట్రోల్" అని చెప్పి వెంటనే కూరగాయల ధరల్లోకి వెళ్లిపోయేది.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు నా దగ్గరకు వచ్చి, "మీరు పట్టుకున్న పెద్ద మోసం ఏదైనా చెప్పండి సర్" అని అడుగుతున్నారు. పట్టుకున్నవి చెబితే మీకు నా మీద గౌరవం పెరుగుతుంది. అంతకుమించి ఉపయోగం లేదు. అందుకని నేను చేసిన మోసం చెబుతాను.

అది నా ఉద్యోగంలో చివరి రోజుల నాటి సంగతి. ఢిల్లీలో అందరూ ఉన్నట్టుండి టెకీలా అడగడం మొదలుపెట్టారు. టెకీలాను మెక్సికోలో ఒక రకం కిత్తనార మొక్కతో చేస్తారు. మన రైలు కట్టల పక్కన, చేల గట్ల మీద ముళ్ల ఆకులతో కంచెలా పెరుగుతుందే, దానికి దాయాది. ఆకులు నరికేస్తే మధ్యలో పెద్ద బొండం మిగులుతుంది. పాత పద్ధతి వాళ్లు ఆ బొండాలను ఇటుక బట్టీలో రోజుల తరబడి మగ్గబెట్టి, రాతి చక్రం కింద నలిపి (మన గానుగే అనుకోండి), రసాన్ని కర్ర తొట్లలో పులియనిచ్చి, రాగి పాత్రల్లో రెండుసార్లు కాస్తారు. తొందరపడే ఫ్యాక్టరీల వాళ్లు యంత్రాలతో గబగబా కానిచ్చి, పోయిన రుచికి బదులుగా కాస్త తీపి, కాస్త వెనిలా కలుపుతారు. బ్లాంకో అంటే పీపాల్లో నిలవబెట్టకుండా నేరుగా సీసాలోకి ఎక్కించిన సరుకు. నీళ్లలా తెల్లగా ఉంటుంది. పీపాలో ఉన్నదానికి కర్ర రంగు, వాసన పట్టి తప్పులు కప్పుకుంటాయి. బ్లాంకోకు ఆ చాటు లేదు.

మా పరీక్ష గదిలో ముగ్గురం కూర్చునేవాళ్లం. పెద్ద నేను. రెండో మనిషి మా కంపెనీ యజమాని. పంజాబీ ఆయన, అందరం సాబ్ అనేవాళ్లం. ముగ్గురు ఉండాలన్న నియమం కోసం వచ్చి కూర్చునేవాడు. ఏ గ్లాసు ఇచ్చినా "బఢియా" అని మెచ్చుకుని, మార్కులు మాత్రం నా కాగితంలోకి తొంగిచూసి వేసేవాడు.

మూడో మనిషి ఇందిరాపురంలో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు సగం హిందీలో వస్తుంది. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో అధికారి, తెలుగు సంఘం ఉగాది భోజనాల్లో నాకు పరిచయం. ఫుడ్ టెక్నాలజీ చదివిన కూతురు మద్యం రుచి చూసే ఉద్యోగంలో చేరతానంటే ఆయన వారం రోజులు మాట్లాడలేదట. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఆరు నెలల ప్రొబేషన్ తర్వాత పర్మనెంట్ చేస్తే సరే. చేయకపోతే మారుమాట లేకుండా బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలి. "అమ్మాయిని నేను చూసుకుంటానండీ" అని ఆయనకు ఫోన్లో మాటిచ్చింది నేనే.

చూసుకున్నాను కూడా, నా పద్ధతిలో. మా గది తలుపు మీద నా చేతిరాతతో నియమాలు ఉండేవి. పరీక్ష రోజున ఉల్లి, వెల్లుల్లి, కారం, పచ్చడి, కాఫీ, సెంటు నిషేధం. ఒకసారి ఆ అమ్మాయి తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. తలంటుకుని రమ్మని ఇంటికి పంపాను. గుర్‌గావ్ నుంచి ఇందిరాపురానికి రెండు మెట్రోలు, ఒక ఆటో. తిరిగి వచ్చేసరికి మూడయింది. పరీక్ష పన్నెండింటికే అయిపోతుందని తెలిసీ పంపాను. క్రమశిక్షణ అనుకున్నాను అప్పుడు.

ఆమె ప్రొబేషన్ ఒక శుక్రవారంతో ముగుస్తుందనగా, ఆ బుధవారం ఐదు రకాల బ్లాంకో టెకీలాల పరీక్ష పడింది. ఒక హోటళ్ల గ్రూపు వాళ్లకు అందులో ఒకటి సిఫారసు చేయాలి. మామూలుగా మా పరీక్ష పొద్దున పదకొండింటికి జరుగుతుంది, నాలుక అప్పుడే శుభ్రంగా ఉంటుంది కాబట్టి. ఆ రోజు సాబ్‌కు వేరే పని ఉండి మూడింటికి మార్చాడు. నాకేమో ఉదయం అశోకా రోడ్ దగ్గర ఒక ఆఫీసులో లేబుళ్ల అనుమతి పని ఉంది.

పని పన్నెండున్నరకు అయిపోయింది. బయటికి వచ్చాను. ఆ ప్రాంతంలో మన భోజనం ఎక్కడ దొరుకుతుందో ఢిల్లీ తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు, మన రాష్ట్ర భవన్ క్యాంటీన్‌లో. ఒట్టి పెరుగన్నం తిని వెళ్దామనే లోపలికి వెళ్లాను. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, పెరుగన్నమే. కూర్చోగానే వడ్డించేవాడు వేడన్నం పెట్టి, నేను వద్దనేలోపు కందిపొడి వేసి నెయ్యి పోశాడు. పోసిన నెయ్యిని ఏం చేయాలి? తిన్నాను. తర్వాత గోంగూర వచ్చింది. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఎదురుగా కూర్చున్న ఒక తెలంగాణ పెద్దమనిషి, "గట్ల ఆలోచిస్తవేంది సార్? గోంగూర సల్లారితే పాపం తగుల్తది" అన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాను.

మెట్రో ఎక్కాక గాని నేను చేసింది గుర్తుకు రాలేదు. అప్పుడు ఇంకో తప్పు చేశాను. వాసన తెలియకుండా ఉండాలని దారిలో ఒక స్టేషన్‌లో దిగి, నాలుగు లవంగాలు కొనుక్కుని, మళ్లీ ఎక్కి నమిలాను. లవంగం పంటినొప్పికి ఎందుకు పెడతారో మీకు తెలుసు. దిగే స్టేషన్ వచ్చేసరికి నా నోరు నాది కాదు.

మూడింటికి ఐదు గ్లాసులు వరసగా పెట్టారు. గ్లాసుల మీద అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ సరుకుదో స్టోరు వాళ్లు రాసి కవరులో పెడతారు. మొదటి గ్లాసు దగ్గరే నా ముక్కుకు ఉల్లిపాయ తప్ప ఏమీ తగల్లేదు. 417 అంకె ఉన్న గ్లాసు నోట్లో పోసుకున్నాను. కారంతో కాలి ఉన్న నాలుక మీద అది నిప్పులా పాకింది. కళ్ల నీళ్లు వచ్చాయి. 592 మాత్రం తియ్యగా, మెత్తగా జారింది. మొద్దుబారిన నోటికి తెలిసేది తీపి ఒక్కటే. 592కు తొమ్మిది మార్కులు వేశాను. 417కు రెండు వేసి, పక్కన "మంట విపరీతం, మట్టి వాసన, తయారీలో శుభ్రత లోపం, తిరస్కరించాలి" అని రాశాను. అంత నమ్మకంగా నేను ఎప్పుడూ రాయలేదు.

మా దగ్గర చిన్నవాళ్లు ముందు చదవాలి. పెద్దవాళ్ల మాట విని మార్చుకోకుండా ఉండడానికి ఆ పద్ధతి పెట్టాం. ఆ అమ్మాయి చదివింది.

"417, తొమ్మిది. కాల్చిన శకర్‌కందీ వాసన, నిమ్మతొక్క, మిరియం, వాన పడిన మట్టి. 592, మూడు. వెనిలా ఎసెన్స్ లాగా ఉంది. అరచేతిలో రుద్దితే జిగటగా ఉంది. కుఛ్ మిలాయా హై, సర్, ఏదో కలిపారు."

శకర్‌కందీ అంటే చలికాలంలో ఢిల్లీ బళ్ల మీద నిప్పుల్లో కాల్చి, నిమ్మకాయ పిండి అమ్మే చిలగడదుంప. నేను నవ్వాను. "పరీక్ష రాయమంటే చాట్ బండి దగ్గరకు వెళ్లొచ్చావా అమ్మా?" అన్నాను. సాబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నా కాగితం చూసి, తాను వేసిన మార్కులు కొట్టేసి మళ్లీ వేశాడు.

కవరు విప్పారు. 417 ఒక కుటుంబం వాళ్లు బట్టీలో మగ్గబెట్టి, రాతి చక్రంతో నలిపి చేసింది. 592 పెద్ద ఫ్యాక్టరీది. అక్కడైనా నేను ఆగాలి. ఆగలేదు. "పాత పద్ధతి అయినంత మాత్రాన శుభ్రంగా చేస్తారని ఎక్కడుంది సాబ్?" అన్నాను.

సాబ్ ఆ అమ్మాయి వైపు చూసి నన్ను అడిగాడు. "తో ఇస్‌కా క్యా కరేఁ, ఈమెనేం చేద్దాం? శుక్రవారం కాగితం ఇవ్వాలి కదా."

"ముక్కు ఇంకా తయారు కాలేదు సాబ్. ఈ పని అందరికీ రాదు" అన్నాను. ఆమె ఎదురుగానే అన్నాను.

సాయంత్రం లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. రెండు అంతస్తులు దిగాక ఆమె అంది, "అంకుల్, ఏక్ బాత్ పూఛూఁ? మీరు ఈరోజు గోంగూర తిన్నారా?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటి అంకుల్, లిఫ్ట్ మొత్తం చెప్తోంది. మమ్మీ సండే చేస్తది కదా, నాకు తెలుసు. ఔర్ లౌంగ్ భీ, లవంగాలు. డెంటిస్ట్ రూమ్‌లో ఉన్నట్టుంది."

"టీ తాగానంతే" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, "ఠీక్ హై, అంకుల్" అని దిగిపోయింది. సాబ్ కారు ఇంకా గేటు దగ్గరే ఉంది. ఆమె వెళ్లి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెప్పి ఉంటే నేను దబాయించి గెలిచేవాణ్ణి, నిద్ర కూడా పట్టేది.

ఇంట్లో మా ఆవిడ తలుపు తీస్తూనే నా చొక్కా మీద పడిన కందిపొడి మరకను చూసింది. "అశోకా రోడ్డుకెళ్లారా?"

"పని మీద."

"ఈరోజు పరీక్షన్నారుగా? పొద్దున పప్పులో ఇంగువ వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. పాతికేళ్లుగా మీ పరీక్షల పుణ్యమా అని వారానికి రెండు రోజులు ఉప్పు నీళ్ల పప్పు తింటున్నాను. నా పోపుకి అడ్డమొచ్చిన నాలుక అక్కడ గోంగూరకి అడ్డం రాలేదా?"

చేతులు కడుక్కుని వచ్చి జరిగిందంతా చెప్పాను. ఆవిడ సగంలోనే స్టవ్ కట్టేసింది.

"ఆ పిల్లని ముక్కు లేదన్నారా?"

"తయారు కాలేదన్నాను."

"మీ నోట్లో ఉన్నది చెప్పింది కదా, ఇంకేం తయారవ్వాలి? వాళ్ల నాన్నకి ఫోను చేసి గొప్పగా మాటిచ్చారు. రేపు ఆయనకి మీరే చెప్పండి, కోచింగు ఎక్కడ బాగుంటుందో."

గురువారం రెండు ఒట్టి ఇడ్లీలు తిని, పదకొండింటికి ఒక్కణ్ణే గదిలో కూర్చున్నాను. 417 సీసా తీసి గ్లాసులో పోశాను. నోరు కాస్త తెరిచి వాసన చూశాను. ఆమె శకర్‌కందీ అన్నది నాకు వేరే రూపంలో వచ్చింది. మా వైపు కుండలో పెట్టి తంపట వేసిన తేగలు. అచ్చంగా అదే, ఆ పొగ, ఆ పీచు తీపి. దాని వెనక నిమ్మతొక్క, తర్వాత మిరియం, అన్నిటి అడుగున కొత్త కుండలో పోసిన నీళ్ల వాసన. అరచేతుల్లో రుద్దుకున్నాను. సారా ఆవిరైపోయాక కూడా తేగల వాసన అలాగే ఉంది. అంత నిజాయితీగా చేసిన బ్లాంకో నా చేతికి రావడం అరుదు. నిన్న దానికి రెండు మార్కులు వేశాను. తర్వాత 592 రుద్దుకుంటే వేళ్లు అంటుకున్నాయి, బిస్కెట్ల డబ్బా తెరిచినట్టు వెనిలా కొట్టింది.

వెంటనే లేచి తప్పు ఒప్పుకున్నానని మీరు అనుకుంటే నా గురించి మీకింకా తెలియలేదు. ముందు ఒక మెయిల్ రాశాను. సీసాకూ సీసాకూ తేడా ఉందేమో, మళ్లీ చూడాలి అని. అది చెరిపి ఇంకోటి రాశాను. మధ్యాహ్నపు వేడికి సరుకు పాడైందేమో అని. మూడోది స్టోరు వాళ్లు అంకెలు సరిగా అతికించలేదేమో అని. మూడూ ఒకసారి చదువుకుంటే ఒకదానిలో సీసా నేరస్థురాలు, ఒకదానిలో ఎండ, ఒకదానిలో స్టోరు కుర్రాళ్లు. గోంగూర ఎక్కడా లేదు. మూడూ కొట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే సాబ్ గదికి వెళ్లాను. ఆమె ఉద్యోగం కాగితం టేబుల్ మీదే ఉంది, సంతకం ఇంకా కాలేదు.

"సాబ్, బుధవారం నేను గోంగూర తిని పరీక్షకు వచ్చాను."

"గోంగూరా? యే కౌన్‌సీ బీమారీ హై?"

"జబ్బు కాదు సాబ్, ఆకు. పుల్లటి సాగ్. పచ్చడి చేస్తాం."

"చట్నీనా?" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చట్నీ తిన్నందుకు ఎవరో పోయినట్టు మొహం పెట్టావు! అరే, నేను ఆ రోజు ఛోలే భటూరే తిని వచ్చాను. ప్యాజ్ కే సాథ్, బోలెడు ఉల్లిపాయతో. బఢియా థే."

ఆ రోజు గదిలో ముగ్గురం ఉంటే, ఒక్కతే శుభ్రమైన నోటితో వచ్చింది. ఆమెకే ముక్కు లేదని మేమిద్దరం తేల్చాం.

విషయం విడమరిచి చెప్పాను. 417 మీద నేను రాసింది అబద్ధమని, ఆమె మార్కుల కాగితమే సరైనదని, బుధవారం సాయంత్రమే హోటల్ వాళ్లకు పంపిన నివేదిక వెనక్కి తీసుకోవాలని. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏమని రాస్తాం? మా పెద్దాయన చట్నీ తిన్నాడనా? ఇజ్జత్ కా కచరా హో జాయేగా, పరువు పోతుంది. ఒక పని చేద్దాం. అమ్మాయిని పర్మనెంట్ చేసేద్దాం. నివేదిక అలాగే ఉండనీ. కిసీ కో కుఛ్ నహీఁ బోల్‌నా, ఎవరికీ చెప్పొద్దు."

నిజం చెబుతున్నాను, ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఉద్యోగం నిలబడుతుంది, వాళ్ల నాన్నకు ఇచ్చిన మాట నిలుస్తుంది, నా పేరుకు మచ్చ రాదు. అంతకంటే ఏం కావాలి? పరుగులాంటి నడకతో వెళ్లి ఆమెకు శుభవార్త చెప్పాను. ఆమె గ్లాసులు తుడుస్తోంది.

"ఔర్ మేరీ షీట్?" అంది.

"షీటుదేముంది, ఉద్యోగం వచ్చింది కదా."

"అంకుల్, ఫైల్‌లో నా షీట్ రాంగ్ అని ఉంటుందా, కరెక్ట్ అని ఉంటుందా? అది చెప్పండి. దయ చూపించి ఉంచుకుంటే నాకు వద్దు. రేపు ఇంకో గ్లాస్ గురించి చెప్తే మళ్లీ నవ్వుతారు కదా. ఇస్సే తో బ్యాంక్ హీ ఠీక్ హై. అక్కడ చాట్ బండి అని ఎవరూ అనరు."

గ్లాసును వెలుగుకెత్తి చూసి మళ్లీ తుడవసాగింది. నేను ఆమెకు ఇస్తున్నాననుకున్నది నాకు నేను ఇచ్చుకుంటున్నదని అప్పుడు తెలిసింది.

ఉత్తరం నేనే రాశాను. ప్రధాన పరీక్షకుడు, అంటే నేను, ఆ రోజు భోజన నియమం తప్పి ఉల్లి, కారం, పచ్చడి తిన్నానని, అందువల్ల నా మార్కులు చెల్లవని, ఆ రోజు నియమం ప్రకారం పరీక్ష చేసింది ఆ అమ్మాయి ఒక్కతేనని, ఆమె అభిప్రాయమే మా అభిప్రాయంగా తీసుకోవాలని. తన భటూరేల సంగతి రాయొద్దని సాబ్ చేతులు పట్టుకున్నాడు. "రెండో సభ్యుడి మార్కులు స్వతంత్రమైనవి కావు" అని మాత్రం రాశాను. ఆయన అది మూడుసార్లు చదివి, మర్యాదగానే ఉందని ఒప్పుకున్నాడు. రెండు కాగితాల మీదా ఒకేసారి సంతకం చేశాడు, ఆమె ఉద్యోగం కాగితం మీద, నా ఉత్తరం మీద.

హోటల్ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి చాలాసేపు నవ్వి, తమ అతిథులు ఉప్పూ నిమ్మకాయా నాకి గుటుక్కున మింగుతారని, వాళ్లకు తియ్యనిదే పంపమని చెప్పాడు. 417 మాత్రం ఒక చిన్న బార్ కోసం కొన్ని పెట్టెలు తీసుకున్నాడు. న్యాయం గెలిచిందని మీకు చెప్పాలని ఉంది గాని, అమ్ముడుపోయింది 592.

సాయంత్రం ఆమె తండ్రి ఫోన్ చేశాడు. "పర్మనెంట్ అయిందటండీ. మీరు చూసుకుంటానన్నారు, చూసుకున్నారు." అది విని ఊరుకోలేకపోయాను. బుధవారం నుంచీ జరిగిందంతా చెప్పాను. ఆయన కూతురిని ఆమె ముందే ఏమన్నానో కూడా చెప్పాను. ఇక తిట్లు మొదలవుతాయనుకుని సిద్ధంగా ఉన్నాను.

"అశోకా రోడ్డు దగ్గరేనాండీ గోంగూర?" అన్నాడు. "ఇప్పటికీ బాగుంటోందా?"

ఆ సోమవారం సాబ్ ఒక మార్పు చేశాడు. పరీక్ష రోజున గదిలోకి ఎవరు రావచ్చో తలుపు దగ్గర ఆ అమ్మాయే చూస్తుందని. మొదటి పరీక్ష రమ్‌ది. నేను పదకొండుకు ఐదు నిమిషాల ముందే వెళ్లాను. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"అంకుల్, హా అనండి."

ధైర్యంగా అన్నాను. "హా."

ఆమె కళ్లు మూసుకుంది. "ఇడ్లీ."

"అవును. చట్నీ లేకుండా."

"సాంబార్?"

"ఒక్క చెంచా. అది కూడా మా ఆవిడ బలవంతం మీద."

"బయట కూర్చోండి అంకుల్. ప్లీజ్."

బయట సోఫాలో సాబ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆయన ఏం తిన్నాడో నేను అడగలేదు. జరిగి నాకు చోటిచ్చాడు. తలుపు మూసుకుంది. ఆ రోజు ఐదు గ్లాసులూ ఆ అమ్మాయి ఒక్కతే చూసింది. మేమిద్దరం బయట కూర్చుని చెరో సీసా మంచినీళ్లు తాగాం.